వేపచెట్టు మీది తిప్పతీగ, నలభై ఎనిమిదో రోజు కామెర్లు: ఒక కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. ఇది ఏ ఒక్కరి కేసు షీటూ కాదు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్నప్పుడు వ్యవహారం ఎలా నడుస్తుందో చూపడానికి, వైద్య విద్యార్థులకు పాఠం చెప్పే తీరులో కూర్చిన నమూనా కేసు. రోగి వివరాలు, పరీక్షల అంకెలు ఆ నమూనావి. మొక్క గురించీ, మోతాదు గురించీ, అచ్చయిన అధ్యయనాల గురించీ చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

వచ్చినప్పటి పరిస్థితి

54 ఏళ్ల గృహిణి. ఆరేళ్లుగా థైరాయిడ్ లోపం, రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ బిళ్ల. షుగరు, బీపీ లేవు. మద్యం అలవాటు లేదు. వానాకాలం, సెప్టెంబరు నెల. రెండు వారాల కిందట ఆకలి పోయింది, పోపు వాసనకే వికారం. నాలుగో రోజుకు మూత్రం ఆవనూనె రంగుకు తిరిగింది, వారానికి కళ్లు పచ్చబడ్డాయి. జ్వరం లేదు. ఒళ్లంతా దురద.

ఆ రెండు వారాలూ ఇంట్లో ఏం జరిగిందో చెప్పకుండా కేసు అర్థం కాదు. కామెర్లని తెలియగానే ఊళ్లో పసరు పోయించారు, మూడు రోజులు. పథ్యమని పప్పు, గుడ్డు, నూనె మాన్పించి మజ్జిగన్నం మీద ఉంచారు. "ఇంగ్లీషు మందు పడదు" అని థైరాయిడ్ బిళ్ల ఆపేశారు. అన్నిటికన్నా ముఖ్యం, అప్పటికే తాగుతున్న తిప్పతీగ కషాయాన్ని పొద్దునా సాయంత్రం రెండు పూటలకు పెంచారు. తిప్పతీగ కామెర్లకు మంచిదని విన్నారు మరి.

ఆ విన్నది గాలిమాట కాదు. చరక సంహితలో పాండురోగ చికిత్స చెప్పేచోట కామలకు (కామెర్లకు) త్రిఫల, గుడూచి (అంటే తిప్పతీగే), మాను పసుపు, వేప, వీటిలో ఏదో ఒకదాని రసం తేనెతో ఉదయం తాగమని ఉంది. కాబట్టి కుటుంబాన్ని తప్పుపట్టి లాభం లేదు. పచ్చబడిన ప్రతి కన్ను వెనకా ఒకే జబ్బు ఉండదు. కామెర్లకు కారణమే ఆ కషాయం అయినప్పుడు మోతాదు పెంచడమంటే మంటలో నెయ్యి పోసినట్టే.

అడగాల్సిన ప్రశ్న

"ఏం మందులు వాడుతున్నారమ్మా?" అంటే "థైరాయిడ్ బిళ్ల ఒక్కటేనండీ" అనే జవాబు వస్తుంది. అబద్ధం కాదు. కషాయం వాళ్ల లెక్కలో మందు కాదు, కాఫీకి బదులు తాగేది. "పొద్దున్నే పరగడుపున ఏం తాగుతున్నారు? పెరట్లోదీ, ఆన్‌లైన్‌లో తెప్పించిందీ ఏమైనా ఉందా?" అని అడిగితేనే బయటికొస్తుంది. ఈ కేసులోనూ అలాగే వచ్చింది. వాడిన సీసాలు, డబ్బాలు, తీగ ముక్క అన్నీ సంచిలో వేసి తెమ్మనాలి. నోటితో చెప్పేదానికీ సంచిలో ఉండేదానికీ తేడా ఉంటుంది. ఇక్కడ సంచిలో అదనంగా దొరికింది గిలోయ్ ఘనవటి డబ్బా, 500 మిల్లీగ్రాముల బిళ్లలు, రాత్రికి రెండు. హిందీలో గిలోయ్ అన్నా, సంస్కృతంలో గుడూచి, అమృత అన్నా, మన తిప్పతీగ అన్నా ఒకటేనని ఇంట్లో ఎవరికీ తెలియదు. అంటే ఒకే మూలిక రెండు రూపాల్లో లోపలికి పోతోంది.

ఏం కాచారు, ఎంత కాచారు

జులై నడుమ డెంగీ భయంతో మొదలుపెట్టారు. పెరటి వేపచెట్టు మీది తీగ కోసి, గుప్పెడు ముక్కలు, పావు చెంచా పసుపు, నాలుగు మిరియాలు వేసి మూడు గ్లాసుల నీళ్లు ఒకటిన్నర గ్లాసయ్యేదాకా మరిగించారు. ఆ గుప్పెడును తక్కెడలో వేస్తే 80 గ్రాములు. మొదట నలుగురి కోసం కాచింది అది. చేదు భరించలేక వారంలో ముగ్గురు మానేశారు. పారబోయడం ఇష్టంలేక ఆమె మొత్తం తాగేయడం మొదలైంది. మోతాదు పెరిగింది ఇలా. ఎవరూ కావాలని పెంచింది కాదు.

శాస్త్రంలో లెక్క ఇలా ఉంటుంది. ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం తిప్పతీగ కాండం పొడిగా అయితే రోజుకు 3 నుంచి 6 గ్రాములు, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాములు. 25 గ్రాములు తీసుకున్నామనుకుంటే, పైన కాగితంలా ఊడే పొర గీరేసి, కచ్చాపచ్చాగా దంచి, పదహారు రెట్లు, అంటే 400 మిల్లీలీటర్ల నీళ్లలో మూత పెట్టకుండా సన్నని మంట మీద ఎనిమిదో వంతుకు, 50 మిల్లీలీటర్లకు దింపాలి. కుక్కరులో కూతలు పెట్టిస్తే నీళ్లు ఇగరవు, ఈ లెక్క కుదరదు. ఏ రోజుది ఆ రోజే. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజులు తాగేవాళ్లున్నారు, అది పులుస్తుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. పచ్చి మూలిక అయితే ఎండిన దానికి రెట్టింపు వేయాలన్నది మామూలు నియమం. ఆయుర్వేద గ్రంథకర్త శార్‌ఙ్గధరుడు ఆ నియమానికి మినహాయింపులు చెప్పాడు. గుడూచి, కొడిసె, అడ్డసరం, పిల్లిపీచర, అశ్వగంధ లాంటివి ఎప్పుడూ పచ్చివే వాడాలి, రెట్టింపు చేయకూడదు. "పచ్చిదే కదా, కాస్త ఎక్కువైనా ఏం కాదు" అనే ఇంటిమాట సరిగ్గా ఈ మొక్క దగ్గరే చెల్లదు.

ఎన్నాళ్లు? 2020 అక్టోబరులో కోవిడ్ కోసం ఆయుష్ శాఖ ఇచ్చిన జాతీయ ప్రోటోకాల్‌లో కూడా గుడూచి ఘనవటి 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 15 రోజులో నెలో, లేదా వైద్యుడు చెప్పినన్నాళ్లు అని గడువు ఉంది. జనానికి మోతాదు అందింది కానీ గడువు అందలేదు.

మొక్క అదేనా?

ఇలాంటి కేసు రాగానే మొదట వినిపించే వాదన, అది అసలు తిప్పతీగ కాదేమోనని. తేల్చుకోవాల్సిన ప్రశ్నే. తిప్పతీగ అంటే టైనోస్పోరా కార్డిఫోలియా. దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా దుష్ప్రభావాలు కలిగించవచ్చని, రెండిటినీ పొరబడవద్దని 2022 ఫిబ్రవరిలో ఆయుష్ శాఖ ప్రకటన ఇచ్చింది. తేడాలు చేతిలో పట్టుకుని చూడగలిగినవే.

కాండం ముందు చూడాలి. తిప్పతీగ కాండం మీద పలుచని కాగితం లాంటి పొర ఊడొస్తుంది, గోటితో గీరితే అడుగున పచ్చగా ఉంటుంది. అక్కడక్కడా చిన్న చుక్కల్లాంటి ఉబ్బెత్తులుంటాయి కానీ ఒళ్లంతా బొడిపెలుండవు. క్రిస్పా కాండం బూడిద రంగులో, కాకరకాయను తలపించేలా బొడిపెలతో కిక్కిరిసి ఉంటుంది; కోస్తే పాలలాంటి స్రావం వస్తుంది. తిప్పతీగ కోస్తే పాలు రావు. అడ్డంగా కోసిన ముక్కలో బండిచక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి, అందుకే సంస్కృతంలో చక్రలక్షణ అన్న పేరు. పూరేకులు తిప్పతీగకు ఆరు, క్రిస్పాకు మూడు. పండు తిప్పతీగకు గుండ్రంగా ఎర్రగా, క్రిస్పాకు కోలగా నారింజ రంగులో. పువ్వు, కాయ చూడాలంటే వాటి కాలం దాకా ఆగాలి. పైగా ఆడ మగ పూలు వేర్వేరు తీగల మీద పూస్తాయి, మగతీగ అయితే కాయే ఉండదు. కాబట్టి మిగతా కాలంలో కాండమే దిక్కు. ఆకు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. హృదయాకారపు ఆకులు ఈ కుటుంబంలో చాలా తీగలకున్నాయి. ఆకు అడుగున మెత్తటి నూగు ఉంటే అది టైనోస్పోరా సైనెన్సిస్ కావచ్చు, అదీ మన అడవుల్లో ఉంది.

సంచిలో వచ్చిన ముక్క కాగితం పొర, పచ్చటి లోపలి చర్మం, చక్రం గీతలు, పాలు లేకపోవడం, అన్నిటా సరిపోయింది. అసలు తిప్పతీగే. "నకిలీ మొక్క వల్లే" అని కేసు మూసేసే అవకాశం లేదు. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. మొక్క సరైనది కావడం, అది ఆ మనిషికి సరిపడటం రెండు వేర్వేరు సంగతులు.

కారణం తేల్చిన తీరు

మొదటి రోజు పరీక్షలు (బిలిరుబిన్ అంటే పచ్చదనం తెచ్చే పదార్థం; ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయ ఎంజైములు; ఐఎన్ఆర్ రక్తం గడ్డకట్టే తీరును చూపే కొలత): మొత్తం బిలిరుబిన్ 11.4, ఏఎల్‌టీ 1,128, ఏఎస్‌టీ 940, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, ఆల్బుమిన్ 3.3, ఐఎన్ఆర్ 1.4. ఏఎల్‌టీ పై హద్దు 40 అనుకుంటే 28 రెట్లు పెరిగింది, ఫాస్ఫటేజ్ పై హద్దు 120 అనుకుంటే 1.4 రెట్లే. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 20. ఐదు దాటితే దెబ్బ కాలేయ కణాలకు తగిలిందని అర్థం, పైత్యనాళాల అడ్డు కాదు. స్కానింగ్‌లోనూ నాళాలు మామూలుగానే ఉన్నాయి.

వానాకాలంలో మన దగ్గర కామెర్లంటే మొదట అనుమానించాల్సింది కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఈ (E), ఆ తర్వాత హెపటైటిస్-ఏ (A). ఈ రెండిటి ఐజీఎం పరీక్షలు (తాజాగా సోకిందా అని చూపేవి) చేయకుండా మూలిక మీద నెపం వేయడం తొందరపాటు. రెండూ నెగెటివ్. బి, సి, డెంగీ, లెప్టోస్పైరా, మలేరియా కూడా నెగెటివ్. పారాసెటమాల్ రెండు బిళ్లలకు మించి వేసుకోలేదు. ఏఎన్ఏ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులకు ఒక గుర్తు) 1:80, బలహీనంగా పాజిటివ్. ఐజీజీ (అలాంటి కాలేయ జబ్బులో పెరిగే ప్రతిరక్షకం) హద్దులోనే, 1,480.

ఇక రూకామ్ కొలమానం, కాలేయం దెబ్బకు ఒక మందు కారణమయ్యే అవకాశాన్ని పాయింట్లతో లెక్కగట్టే పద్ధతి. మందు మొదలుపెట్టాక 48వ రోజున లక్షణాలు, అంటే 5 నుంచి 90 రోజుల్లోపు, కాబట్టి 2 పాయింట్లు. ఆపిన ఎనిమిదో రోజుకు ఏఎల్‌టీ 498కి దిగింది. హద్దుకు పైనున్న భాగం సగానికన్నా ఎక్కువ తగ్గింది, 3 పాయింట్లు. ఇతర కారణాలు లేవని తేలినందుకు 2. ఈ మూలికతో ఇలాంటి కేసులు ఇదివరకే అచ్చయినందుకు 1. మొత్తం 8. వయసు 55 దాటలేదు, మద్యం లేదు, వాటికి సున్నా. థైరాక్సిన్ ఆరేళ్లుగా ఉన్నదే, దానికీ సున్నా.

లెక్క ఇంత సాఫీగా ముగియదు. కషాయంలో పసుపు, మిరియాలు కూడా ఉన్నాయి. మిరియంలోని పైపెరిన్‌తో కలిపి తీసుకున్న పసుపు బిళ్లల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. కూరలో వేసే పావు చెంచా పసుపును ఆ గాఢమైన బిళ్లలతో పోల్చలేం. అయినా కచ్చితంగా లెక్క వేయాలంటే తోడు మందు కింద 2 పాయింట్లు తీసేయాలి. అప్పుడు 6. ఎనిమిదైనా ఆరైనా వర్గం ఒకటే, "బహుశా ఇదే కారణం". "తప్పనిసరిగా ఇదే" అనలేం, అనకూడదు కూడా. చివర్లో పోసిన పసరు సంగతి వేరు. లక్షణాలు మొదలయ్యాక పోసింది కాబట్టి మొదటి దెబ్బకు అది కారణం కాదు, మానడాన్ని ఆలస్యం చేసి ఉండవచ్చు.

ఈ నమూనా ఎక్కడినుంచి వచ్చిందంటే, 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ముంబైలో కనిపించిన ఆరుగురి కేసుల్ని అక్కడి కాలేయ వైద్యులు 2021లో ప్రచురించారు. మరుసటి ఏడు దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగులతో పెద్ద అధ్యయనం వచ్చింది. అందులో తిప్పతీగ మొదలుపెట్టిన నాటినుంచి లక్షణాల దాకా మధ్యగత వ్యవధి 46 రోజులు. సగానికి పైగా ఆడవాళ్లు. చాలామందిలో ఆటోఇమ్యూన్ గుర్తులు, తోడు జబ్బుల్లో థైరాయిడ్ లోపం, షుగరు ఎక్కువగా కనిపించాయి. ఈ కేసులో ఆమెకు థైరాయిడ్ ఉండటం కాకతాళీయంగా పెట్టింది కాదు.

కారణం ఇదీ అని పూర్తిగా తేలలేదు. బలంగా ఉన్న అభిప్రాయం ఏమిటంటే, తిప్పతీగకు పేరు తెచ్చిన గుణమే, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టడమే, లోపల నిద్రపోతున్న ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను లేపుతోందని. ఇమ్యూనిటీ "పెరగడం" ఎప్పుడూ మంచిదే అనుకునేవారికి ఇది మింగుడుపడదు. మన రోగనిరోధక కణాలు మన కాలేయాన్నే శత్రువనుకున్నప్పుడు వాటికి బలం పోయడం ఎవరికి మేలు? "పక్కింటావిడ ఏడాదిగా తాగుతోంది, ఆవిడకేం కాలేదే" అన్న ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. అందరికీ ఒకేలా జరిగే విషప్రభావం కాదిది.

చేసిన వైద్యం

కషాయం, ఘనవటి, పసరు మూడూ ఆ పూటే ఆపించారు. "కాలేయానికి మంచిది" అని నేల ఉసిరి గానీ, మరో మూలిక గానీ మొదలుపెట్టలేదు. ఆపిన ఫలితం కనబడాలంటే పలక తుడిచి ఉండాలి. థైరాక్సిన్ తిరిగి మొదలుపెట్టారు. మజ్జిగన్నం పథ్యం తీసేసి పప్పు, గుడ్డు, మామూలు భోజనం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టమన్నారు, ఆల్బుమిన్ 3.3 ఉన్న మనిషిని పస్తు పెట్టడం వైద్యం కాదు.

స్టెరాయిడ్ వెంటనే మొదలుపెట్టలేదు. ఐజీజీ పెరగలేదు, ఐఎన్ఆర్ 1.5 దాటలేదు, స్పృహ సరిగ్గా ఉంది. వారం చూసి తగ్గకపోతే కాలేయ బయాప్సీ, ఆపైన స్టెరాయిడ్ అని నిర్ణయం. ఎనిమిదో రోజుకు బిలిరుబిన్ 8.9, ఐఎన్ఆర్ 1.2. ఏఎల్‌టీ ముందు దిగుతుంది, పచ్చదనం నెమ్మదిగా పోతుంది. ఈ తేడా చెప్పకపోతే "మందు పనిచేయలేదు" అని మళ్లీ పసరు దగ్గరికే వెళతారు. నెలకు ఏఎల్‌టీ 92, బిలిరుబిన్ 2.6. రెండు నెలలకు 38, 0.9.

ఇలా కాకుండా ఐఎన్ఆర్ 1.5 చేరి, రోగి మగతగా ఉన్నా, పగలు నిద్ర రాత్రి మెలకువ అయినా, మాట తడబడినా అది తీవ్ర కాలేయ వైఫల్యం. కాలేయ మార్పిడి చేయగల ఆసుపత్రికి ఆ రోజే పంపాలి, ఉదయం దాకా ఆగకూడదు.

తీగ పెంచేవారికి

ఆ ఇంటి తీగను పీకించాల్సిన పనిలేదు. పెరగడానికి ఇంత తేలికైన మందుమొక్క ఇంకోటి లేదు. పెన్సిలు లావు ముదురు కాండం, రెండు కణుపులుండేలా జానెడు ముక్క, కోసిన రోజే, మొదలు వైపు కిందికి ఉండేలా మే, జూన్ నెలల్లో సంచిలో గుచ్చితే నెల, నెలన్నరలో నాటడానికి సిద్ధం. తలకిందులుగా గుచ్చిన ముక్కలే ఎక్కువగా చస్తాయి. నీళ్లు నిలిచే నల్లరేగడిలో వేరు కుళ్లుతుంది. పొలంలో అయితే 3 మీటర్ల ఎడం, ఎక్కడానికి ఆసరా. వేప మీద పాకినదే శ్రేష్ఠమని సంప్రదాయం. ఆసరా ఏదైనా, తీగ దాని కొమ్మలకు వెలుతురు అందనీయకుండా కప్పేస్తుంది కాబట్టి ఏటా కత్తిరించాల్సిందే. మొదలు నరికినా చెట్టు మీది భాగం దారాల్లాంటి గాలివేళ్లను నేలదాకా దింపి బతికేస్తుంది. సంస్కృతంలో దీన్ని ఛిన్నరుహ (నరికినా మొలిచేది) అని ఊరికే అనలేదు. మందుకు బొటనవేలి లావు ముదిరిన కాండం కోయాలి, లేత కొసలు పనికిరావు.

పత్తి చేను గట్టు మీదిది, రోడ్డు పక్కది కోయకూడదు. పురుగుమందు, బండ్ల పొగ దాని మీద పేరుకుంటాయి. బత్తాయి, దానిమ్మ తోటలున్నవాళ్లు దీన్ని పెంచకపోవడమే మేలు. రాత్రిపూట కాయను పొడిచి రసం పీల్చే రెక్కల పురుగు గుడ్లు పెట్టేది తిప్పతీగ, దూసరితీగల మీదే. పొడిచినచోట కాయ కుళ్లి రాలిపోతుంది. తోట చుట్టూ ఈ తీగల్ని తీసేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

ఎవరికి వద్దు

ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు (కీళ్లవాతం, లూపస్, థైరాయిడ్ యాంటీబాడీలు, సోరియాసిస్), పాత కాలేయ వ్యాధి ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు దీని జోలికి పోకూడదు. ఆమవాతానికి తిప్పతీగ వాడటం మన సంప్రదాయంలో ఉంది. అది రుమటాయిడ్ కీళ్లవాతమా, యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే వాతరక్తమా అని రక్తపరీక్షతో తేల్చకుండా ఇవ్వడం ఇప్పుడు సమర్థించలేని పని. షుగరు బిళ్లలు వాడేవారిలో చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు వస్తే చూసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానాలి. ఆపరేషనుకు రెండు వారాల ముందు ఆపాలి. మిగతావారు వైద్యుడి సలహాతో వాడినా, నెల దాటితే ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఆకలి పోవడం, వికారం, ముదురు మూత్రం, దురద, వీటిలో ఏది కనిపించినా కళ్లు పచ్చబడేదాకా చూడకుండా ఆ పూటే ఆపాలి.

ఆరు నెలల తర్వాత ఆమె ఏఎల్‌టీ 29, ఐజీజీ 1,420, ఏఎన్ఏ అలాగే 1:80. మందు ఆపినా ఎంజైములు మళ్లీ పెరిగితే అసలైన ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనుకోవాలి కాబట్టి ఇంకో ఏడాదిపాటు, ఆరు నెలలకోసారి పరీక్ష. ప్రయోగం కోసమైనా తిప్పతీగ మళ్లీ ఇవ్వకూడదు. డిశ్చార్జి కాగితం మీద "తిప్పతీగ వద్దు" అని రాస్తే సరిపోదని, అది పేరు మార్చుకుని ఉండే మందులు కూడా రాశారు: గుడూచి సత్వం, సంశమని వటి, అమృతారిష్టం, సుదర్శన చూర్ణం, కైశోర గుగ్గులు, గిలోయ్ జ్యూస్.